ఎదుటివారి మనసు అందనప్పుడు

(శతజయంతి కుటుంబ కూటములలో వాడరేవునందు చేసిన ప్రసంగ పాఠము)



మానసిక వ్యాధులను గూర్చి మాట్లాడమని ఈ కూటపు నిర్వాహకులు నన్ను కోరారు. అది ఒక సాయంకాలములో ముగిసే అంశము కాదు. పైగా నేను వైద్యుడను కాను. వేదాంత కళాశాలలో చదువుకుని, పాస్టరుగా ఇల్లిల్లూ తిరుగుతూ, అక్కడ చూచినదానికి అర్థము తెలుసుకోవడము కొరకు వైద్యులను అడిగి, వారు చెప్పిన పుస్తకములు చదివినవాడను. అందుచేత ఒక్క వ్యాధిని, దానిలో ఒక్క సంగతిని మాత్రమే మీ ముందుంచుతాను. ఆ వ్యాధి స్కిజోఫ్రీనియా. ఆ సంగతి ఏమంటే, ఈ వ్యాధి కలవారిలో చాలామందికి ఎదుటివారి ముఖము, స్వరము, సైగ, మాట వెనుక మాట సరిగా అందవు. ఎవరికీ వినబడని స్వరములు వినడము, లేనిపోని అనుమానములు పడడము అందరికీ తెలిసిన లక్షణములు. వాటిని చూచి భయపడతాము, ఆసుపత్రికి తీసికొని వెళ్తాము. ఈ రెండవ కష్టమును మాత్రము జబ్బుగా ఎవరూ లెక్కపెట్టరు. దానిని పొగరు అంటారు, బద్ధకము అంటారు, రాతిగుండె అంటారు. మందులతో స్వరములు ఆగిపోయి ఇంటికి వచ్చిన మనిషి తిరిగి నలుగురిలో కలవలేకపోవడానికి పెద్ద కారణము తరచుగా ఇదే.

మొదట మన సంగతి ఆలోచించండి. మనము నోటితో చెప్పేది ఎంత, చెప్పకుండా చెప్పేది ఎంత? ఇంటికి వచ్చిన చుట్టమును “కాఫీ తాగుతారా?” అని అడుగుతాము. ఆయన “ఎందుకండీ, వద్దు” అంటాడు. ఆ “వద్దు” వద్దు కాదని మనకు తెలుసు, మనకు తెలుసునని ఆయనకూ తెలుసు. రెండవసారి అడుగుతాము, మూడవసారి గ్లాసు చేతిలో పెడతాము. బయలుదేరే మనిషి “పోతాను” అనడు, “వెళ్ళొస్తాను” అంటాడు. మళ్ళీ రాడని ఇద్దరికీ తెలిసినా అంతే. ప్రొద్దెక్కి లేచిన కొడుకుతో తండ్రి, “దొరగారికి ఇప్పుడు తెల్లవారిందా?” అంటాడు. అది ప్రశ్న కాదు. ఇక బావామరదళ్ళ పరిహాసములు, పెండ్లింట వియ్యపురాళ్ళ ఎత్తిపొడుపులు సరేసరి. మన తెలుగువారి మాటలో, ముఖ్యముగా మన గుంటూరు, ప్రకాశము ప్రాంతముల మాటలో, వెటకారము ఉప్పుకారముల వలె కలిసిపోయింది. అది లేకుండా మాట్లాడితే చప్పగా ఉంటుందనుకుంటాము.

ఈ ఒడ్డున చూడండి. పడవ రాగానే చేపల పాట మొదలవుతుంది. ఎవరు నిజముగా కొనడానికి నిలబడ్డారో, ఎవరు ఊరకే ధర పెంచడానికి నోరు తెరిచారో కళ్ళు చూచి చెప్పగలరు మీరు. అలివి వల లాగేటప్పుడు ఒక తాడు మీది వారు రెండవ తాడు మీది వారిని చూస్తూ బలము పెడతారు. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో ఎవరూ పాఠము చెప్పరు. కోట్ల జీవకణముల పని అది. మెదడు దానిని మనకు తెలియకుండానే చేసి పెడుతున్నది కనుక మనకు దాని విలువ తెలియదు. కంటిచూపు పోయినవానికి దారి చూపిస్తాము. ఈ చూపు తగ్గినవానిని మాత్రము “ఎందుకు అర్థము కాదురా నీకు?” అని కసురుతాము.

ఇప్పుడు వ్యాధిని గూర్చి కొద్దిగా. 1908లో యూజెన్ బ్లాయిలర్ అనే స్విట్జర్లాండు వైద్యుడు దీనికి ఈ పేరు పెట్టాడు. గ్రీకు మాటలలో మనసు చీలిపోవుట అని అర్థము. ఆ పేరు పట్టుకొని ఒకే మనిషిలో ఇద్దరు మనుషులుంటారని సినిమాల వారు కథలు అల్లారు. అది ఈ వ్యాధి కాదు. తలంపు, భావము, ప్రవర్తన ఒకదానితో ఒకటి పొందిక తప్పుటయే ఆయన ఉద్దేశము. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము సుమారు 300 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నది. సాధారణముగా పదహారు, పదిహేడేళ్ళ వయసునుండి ముప్పై ఏళ్ళ లోపున బయటపడుతుంది. అనగా చదువు, పని, పెండ్లి అనే మూడింటి గుమ్మములో. తల్లి పెంపకము వలన వస్తుందని ఒకప్పుడు పాశ్చాత్య వైద్యులే వ్రాశారు. అది తప్పని తేలిపోయి చాలా కాలమైంది. వంశపారంపర్యముగా వచ్చే బలహీనత కొంత, మెదడు ఎదుగుదలలో కలిగే తేడాలు కొంత, గంజాయి వంటివి కొంత తోడై వచ్చే జబ్బు ఇది. చేతబడి కాదు, గాలి కాదు, తాతలు చేసిన పాపము కాదు. 1952లో పారిస్ నగరములో క్లోర్‌ప్రోమజిన్ అనే మందు వాడుక మొదలైనప్పటినుండి దీనికి వైద్యము ఉన్నది. దాని తరువాత ఇంకా అనేకమైన మందులు వచ్చాయి.

అయితే ఆ మందులు స్వరములను, అనుమానములను తగ్గించినంత బాగా ఈ గ్రహింపు లోపమును తగ్గించలేవు. ఇది మీరు గుర్తుంచుకోవాలి. “మాత్రలు వేసికొంటున్నాడు గదా, ఇంకా ఎందుకిలా ఉన్నాడు?” అని అడిగే తల్లిదండ్రులకు జవాబు ఇందులో ఉన్నది. అనేక దేశముల పరిశోధనలను ఒకచోట చేర్చి చూచినవారు 2011లో ఒక సంగతి ప్రచురించారు. ఈ వ్యాధి కలవారు నలుగురిలో ఎంతవరకు మసలగలరు, పని ఎంతవరకు నిలుపుకోగలరు అనేదానికి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత వంటివాటికంటె ఎదుటివారిని గ్రహించే శక్తితోనే ఎక్కువ సంబంధము కనబడింది.

ఆ లోపము ఎలా ఉంటుంది? ముఖములతో మొదలుపెడతాను. నవ్వు ముఖమును వారు చాలవరకు పోల్చుకుంటారు. భయము, కోపము, దుఃఖము వంటివాటి దగ్గర పొరబాటు ఎక్కువ. ఇంకొక చిక్కు ఏమంటే, ఏ భావమూ లేని మామూలు ముఖమును కూడ కొందరు కోపపు ముఖముగా తీసికొంటారు. మందిరపు ద్వారము దగ్గర నిలబడిన పెద్దకు రాత్రి నిద్ర లేదు, ముఖము వాడిపోయి ఉన్నది. మీకు “పాపము, అలసిపోయాడు” అనిపిస్తుంది. ఆ యౌవనస్థునికి “నేను లోపలికి రావడము ఈయనకు ఇష్టము లేదు” అనిపిస్తుంది. వెనుక చాప మీద ఇద్దరు అమ్మలు పాలవాడు రాలేదని గుసగుసలాడుకుంటారు. తన గురించే అనుకుంటాడు. లేచి వెళ్ళిపోతాడు. “ప్రార్థన మధ్యలో లేచిపోయాడు, భక్తి లేదు” అని మనము తీర్పు చెప్తాము.

నా తోటి బోధకులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. “ఈ ఉదయము ఈ మందిరములో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, ఆ మనిషి హృదయములో ఏమున్నదో నాకు తెలుసు” అని వేలు చాపి ప్రసంగించడము మనకు అలవాటు. వినేవారిలో వందమందికి అది ప్రసంగపు ధోరణి అని తెలుసు. నూట ఒకటవ వానికి అది నిజముగా తనకు తగిలిన వేలు. అతడు ఇంటికి పోయి వారము దినములు నిద్రపోడు. ఆ విధమైన ప్రసంగము ఎంత రక్తి కట్టినా సరే, అట్టి కుటుంబములున్న సంఘములో మానుకోవాలని నా అభిప్రాయము. అట్టి కుటుంబము లేని సంఘమును నేను ఇంతవరకు చూడలేదు.

రెండవది, ఎదుటివాని తలలో ఏమున్నదో ఊహించడము. ఒక చిన్న కథ చెప్తాను, జవాబు మీరు చెప్పండి. తండ్రి బీరువా తాళపుచెవి గూటిలో పెట్టి చీరాల వెళ్ళాడు. అతడు లేనప్పుడు తల్లి ఆ చెవిని తీసి బియ్యపు డబ్బాలో దాచింది. తండ్రి తిరిగి వచ్చి మొదట ఎక్కడ వెదుకుతాడు? గూటిలో, అంతే గదా. చెవి డబ్బాలో ఉన్నదని మనకు తెలిసినా, అతనికి తెలియదని మనకు తెలుసు. నాలుగైదేళ్ళ పిల్లలు కూడ సాధారణముగా ఇది చెప్పగలరు. ఇటువంటి కథలతో, ఇంకా చిక్కు కథలతో, ఈ శక్తిని పరీక్షిస్తారు. ఇచ్చినవారు ప్రక్కనే ఉన్నారని తెలియక, “ఈ గాజు గిన్నె ఎవరిచ్చారో గాని నాకసలు నచ్చలేదు” అని ఒకామె అంటే, అక్కడ అనకూడని మాట ఏదైనా దొర్లిందా అని అడుగుతారు. ఒక వ్యాధిగ్రస్తునికి ఆ కథలో ప్రతి మాటా అర్థమవుతుంది. ఆమె అబద్ధము చెప్పలేదు గదా, తప్పేమున్నది అంటాడు. ప్రక్కనున్న స్త్రీ గుండె చివుక్కుమన్న సంగతి అతనికి చేరదు.

మర్యాదలు దేశమును బట్టి మారుతాయి కనుక విదేశపు కథలు మనవారికి పెట్టి “తప్పారు” అనడము న్యాయము కాదు. అందువలన బెంగళూరులోని నిమ్హాన్స్ వైద్యులు మన దేశపు పరిస్థితులకు అనువుగా ఇటువంటి పరీక్షలను దిద్ది, సోక్రటిస్ అనే పేరుతో 2011లో ప్రచురించారు. అందులో ఇటువంటి కథలున్నాయి, మనుషులు కలిసి మాట్లాడుకునే దృశ్యములను చూపించి అడిగే ప్రశ్నలున్నాయి, జరిగిన చెడుగుకు ఎవరిని కారణముగా తలుస్తారో చూచే భాగమున్నది.

ఆ చివరి భాగము మనకు ముఖ్యము. రెండు మిరపకాయల బస్తాలు ఉన్నవనుకోండి. ఒకదానిలో ఎర్రకాయ ఎక్కువ, తాలు తక్కువ. రెండవదానిలో తాలు ఎక్కువ. మూతి కనబడకుండా కట్టి, ఒక్కొక్క కాయ తీసి చూపిస్తూ, ఇది ఏ బస్తానో చెప్పమన్నారు. యార్డులో ఆరితేరినవాడు పది, పదిహేను కాయలు చూడనిదే చెప్పడు. 1988లో లండనులో పూసలతో ఇటువంటి పరీక్షయే చేశారు. లేనిపోని నమ్మకములను గట్టిగా పట్టుకున్న రోగులు ఒకటి రెండు పూసలు చూడగానే తీర్పు చెప్పేశారు. మన అబ్బాయి చేసేదీ అదే. పిలిచినా స్నేహితుడు పలుకలేదు. వినబడలేదేమో, ఏదో తొందరలో ఉన్నాడేమో అని మనము మూడు నాలుగు దారులు ఆలోచిస్తాము. అతనికి ఒక్క కాయ చాలు: “కావాలనే పలుకలేదు.”

జబ్బు ముదిరినప్పుడు లేని అర్థమును కూడ చదువుతారు, జబ్బు సర్దుకున్నాక ఉన్న అర్థమును చదువలేకపోతారు. ఈ రెండూ ఒకే మనిషిలో కనబడితే ఇంటివారికి తల తిరిగిపోతుంది. అందరిలో ఒకే మోతాదులో ఉండదు. కొందరిలో దాదాపు కనబడనే కనబడదు. ఇది తెలివితక్కువతనము కాదు. లెక్కలు బాగా చేసేవారు, పాటలు అన్ని చరణములు అప్పగించేవారు వారిలో ఉన్నారు. ప్రేమ లేకపోవడము అంతకంటె కాదు.

ఈ చివరి మాట మీద ఇంకొంచెము ఆగుతాను. “నేను ఏడుస్తూ ఉంటే నా కొడుకు ఎదురుగా కూర్చుని అన్నము తిన్నాడయ్యగారూ” అని ఒక తల్లి నాతో అన్నది. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు కొడుకు జబ్బుకంటె ఆ అన్నపు ముద్దయే ఎక్కువ బాధ. అతని ముఖములో చలనము లేదు, నిజమే. 1993లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఈ రోగులకు నవ్వు, భయము, దుఃఖము పుట్టించే చిత్రములు చూపించి, వారి ముఖములను గమనించారు. ముఖములు మిగిలినవారి ముఖములంత కదలలేదు. లోపల ఏమనిపించిందని అడిగితే, మిగిలినవారికి ఎంత కలిగిందో వారికీ అంత కలిగింది. అనగా దీపము వెలుగుతూనే ఉన్నది, కిటికీ తలుపు మూసుకొని ఉన్నది. కొన్ని మందుల వలన కూడ ముఖము బిగుసుకుంటుంది. అది వైద్యునికి చెప్తే మోతాదు గాని మందు గాని మారుస్తారు. చెప్పకుండా మాత్రలు మానిపించవద్దు.

కనుక చదువలేనిది వారు మాత్రమే కాదు. మనమూ వారి ముఖము చదువలేకున్నాము. షిలోహు మందిరములో హన్నా పెదవులు కదలడము చూచి యాజకుడైన ఏలీ ఆమె త్రాగి ఉన్నదనుకున్న సంగతి మీకు తెలుసు. ఆయన అనుభవము గల పెద్ద, ఎందరి ముఖములనో చూచినవాడు, అయినా పొరబడ్డాడు. మేలు ఏమంటే, హన్నా తన దుఃఖమును మాటలలో చెప్పగలిగింది, ఏలీ విని తన మాట మార్చుకున్నాడు. మన బిడ్డలలో అనేకులు హన్నా వలె వివరించి చెప్పలేరు. అప్పుడు ఏలీ ఏమి చేయాలి? అడగాలి.

ఈ తీరపు గ్రామములలో ఒక కుటుంబమును గూర్చి చెప్తాను. పేరు, ఊరు చెప్పను, గుర్తుపట్టకుండ కొన్ని వివరములు మార్చాను. అతనికి ముప్పై ఏళ్ళుంటాయి. జబ్బుకు ముందు పడవలో మంచి పనివాడు. ఆసుపత్రినుండి వచ్చి, మందులు తప్పకుండా వాడుతూ, ఆరు నెలలకు మళ్ళీ పడవ ఎక్కాడు. పడవలో ఆజ్ఞలు మాటలతో రావు. పెద్ద గడ్డము ఎత్తుతాడు, ఒకడు కన్ను చూపిస్తాడు, గాలిలో సగము మాట వినబడుతుంది, మిగిలిన సగము ఊహించుకోవాలి. ఇతనికి అది అందలేదు. రెండుసార్లు వల చిక్కుపడింది. “మదము పట్టింది, చెప్తే చేయడు” అని దింపేశారు. ఇంటిలో తండ్రి, “చేసింది చాల్లే మహానుభావా, ఇంక విశ్రాంతి తీసికో” అన్నాడు. అతడు దానిని ఆజ్ఞగా తీసికొని నిజముగానే నాలుగు నెలలు మంచము దిగలేదు.

తరువాత అతని చిన్నాయన, పెద్ద చదువు లేనివాడే, ఒక ఉపాయము చేశాడు. ఒడ్డు మీద వలలు బాగుచేసే పనికి తనతో పెట్టుకున్నాడు. ఒక్కరే చెప్పాలి, ఒకసారికి ఒక్క పని చెప్పాలి, పేరు పెట్టి పిలిచి చెప్పాలి అని తక్కినవారికి నియమము పెట్టాడు. ప్రక్కవారు నవ్వుకుంటే, “మేము నవ్వేది నిన్న చూచిన సినిమా గురించిరా” అని వెంటనే చెప్పేవాడు. ఈ రెండవ సంగతిని ఏ వైద్యుడు ఆయనకు నేర్పలేదు. ఇప్పుడు ఆ అబ్బాయి రోజు కూలి తెచ్చుకుంటున్నాడు. పడవ ఎక్కడము లేదు, ఎక్కుతాడని నేను చెప్పలేను.

పెద్ద వైద్యులు చేస్తున్నదీ కొంతవరకు ఇటువంటిదే. చెన్నైలో డాక్టరు శారదా మీనన్ గారు కీల్పాక్ మానసిక ఆసుపత్రికి అనేక సంవత్సరములు అధిపతిగా పనిచేసి, పదవీ విరమణ తరువాత 1984లో స్కార్ఫ్ అనే స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థను స్థాపించారు. మన దేశములో మానసిక వైద్యురాలైన మొదటి స్త్రీగా ఆమెను చెప్తారు. 2021లో పరమపదించారు. రోగికి మందుతో పాటు పని, కుటుంబమునకు తర్ఫీదు కావాలనేది ఆ సంస్థ ఆదినుండి పట్టుకున్న మార్గము. ఆ సంస్థ కూడ పాలుపంచుకున్న ఒక పరిశోధన 2014లో వెలువడింది. తమిళనాడు, గోవా, మహారాష్ట్రలలో 282 మంది రోగులను తీసికొని, కొందరికి ఆసుపత్రి వైద్యముతో పాటు, తర్ఫీదు పొందిన సామాన్య కార్యకర్తలను ఇంటికి పంపారు. వట్టి ఆసుపత్రి వైద్యము పొందినవారికంటె ఇంటికి మనిషి వెళ్ళినవారు కొంత మెరుగుపడ్డారు. కొంత అనే అంటున్నాను, అద్భుతము జరిగిందని చెప్పను. ఆ కార్యకర్తలు డాక్టర్లు కారు, మన స్త్రీల సమాజపు అక్కలవంటివారు.

ముఖములను పోల్చుకోవడము, తీర్పు చెప్పేముందు ఆగి రుజువు వెదకడము నేర్పే తర్ఫీదు కూటములు కొన్ని పెద్ద ఆసుపత్రులలో జరుపుతున్నారు. ముఖములు పోల్చుకోవడములో వాటివలన మంచి ఫలితము కనబడింది. అవి మన ఊరికి వచ్చేదాకా కూర్చోనక్కరలేదు, ఇంటిలో చేయగలిగినది ఉన్నది. కోపము వస్తే “నాకు కోపము వచ్చింది, నీ మీద కాదు, కరెంటు బిల్లు మీద” అని నోటితో చెప్పండి. ఏడుస్తున్నప్పుడు “నాకు దుఃఖముగా ఉన్నది, నా ప్రక్కన కూర్చో” అని చెప్పండి. ముఖము చూచి తెలుసుకోవాలని ఎదురు చూడవద్దు. వెటకారము ఆ ఒక్క మనిషితో మానండి. మన ఇండ్లలో పిల్లవాడు “నాన్నా, కోపమొచ్చిందా?” అని అడిగితే ఎదురు మాట అనుకుంటాము. ఈ బిడ్డకు ఆ ప్రశ్న అడిగే అధికారము ఇవ్వండి, అడిగినప్పుడు నిజము చెప్పండి.

దెప్పడము గురించి ఒక్క మాట. 1976లో ఇంగ్లండులో వెలువడిన పరిశోధనలో, అస్తమానము తప్పులెన్నే ఇండ్లకు తిరిగి వెళ్ళిన రోగులకు జబ్బు మరల తిరగబెట్టడము ఎక్కువని తేలింది. 1987లో చండీగఢ్ వైద్యులు చూస్తే మన దేశపు కుటుంబములలో అట్టి దెప్పుళ్ళు లండను కుటుంబములలోకంటె తక్కువగా ఉన్నవి. ఈ మాట విని మనము ఛాతీ విరుచుకోనక్కరలేదు. అది ఉత్తరాదిలో కొన్ని కుటుంబముల లెక్క, అప్పటి లెక్క. అప్పుడు ఒక్క మనిషి విసుగును మోయడానికి ఇంటిలో పదిమంది ఉండేవారు. ఇప్పుడు తల్లి ఒక్కతే ఉన్నది.

ఇక అన్నిటికంటె బరువైన సంగతి వివాహము. “పెండ్లి చేస్తే కుదురుకుంటుంది” అని జబ్బు దాచి పెండ్లి చేయడము మన కులములన్నిటిలో, మన సంఘములలోనూ ఉన్నది. ఇప్పటివరకు చెప్పినదంతా జ్ఞాపకము చేసికొని ఆలోచించండి. కొత్త కోడలు అడుగుపెట్టే ఇంటిలో అన్నీ తెలియని ముఖములే. అత్తగారు ఏదీ తిన్నగా చెప్పదు. “మా ఇంట్లో ఆడవాళ్ళు ఇంకా తెల్లవారకముందే లేస్తారమ్మా” అంటుంది, లేవమని అనదు. ఆడపడుచు నవ్వులో సగము స్నేహము, సగము పరీక్ష. ఆరోగ్యవంతురాలికే అది కత్తిమీద సాము. ఎదుటివారి మనసు అందుకోవడమే కష్టమైన పిల్లను మందు కూడ ఆపించి, ఎక్కడ బయటపడుతుందో అని, అటువంటి ఇంటికి పంపుతున్నాము. నెల తిరగకుండ నిద్రపోక, భయపడి, తిరిగి పుట్టింటికి వస్తుంది. చెన్నై స్కార్ఫ్ వారు ఈ విధముగా వివాహము చెడిన స్త్రీలను గూర్చి 2003లో వ్రాశారు. వారిలో చాలామంది వృద్ధులైన తల్లిదండ్రుల పంచన ఉన్నారు, ఎక్కువమందికి భర్తనుండి మనోవర్తి అందలేదు. మేము పోయాక ఈమెకు దిక్కెవరు అన్నదే ఆ తల్లిదండ్రుల ప్రశ్న.

ఈ జబ్బు ఉన్నవారు వివాహము చేసికొనరాదని నేను చెప్పడము లేదు. తెలిసి చేసికొని, మందులు వాడుతూ, బాగుగా కాపురము చేస్తున్నవారున్నారు. ప్రకటనలు చదివే ముందు రెండు కుటుంబములకూ సంగతి తెలియాలని అంటున్నాను. నా దగ్గరకు వివాహ ప్రకటన కొరకు వచ్చే తల్లిదండ్రులను వేరుగా కూర్చోబెట్టి ఈ ప్రశ్న అడుగుతాను. కొందరికి కోపము వస్తుంది. రానివ్వండి.

కట్టివేయడమును గూర్చి క్లుప్తముగా. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక మానసిక రోగుల గృహమునకు నిప్పంటుకొని, గొలుసులతో కట్టబడి ఉన్నవారు 28 మంది చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము మానసిక రోగులను ఏ రీతిగానైనను గొలుసులతో బంధించడమును నిషేధించింది. స్వస్థత కూటములకు, ఉపవాస గృహములకు కూడ ఆ చట్టము వర్తిస్తుంది. ప్రార్థన చేయండి, నేనూ చేస్తాను. మందు మాన్పించే ప్రార్థన, తలుపు వేసి కొట్టే ప్రార్థన మన సంఘములో ఉండకూడదు.

ఎక్కడికి వెళ్ళాలి అని కాగితము మీద వ్రాసి పంపినవారికి: ముందు చీరాల ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. పెద్ద వైద్యమునకు గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోను, ఒంగోలు రిమ్స్‌లోను మానసిక వైద్య విభాగములున్నాయి. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీమానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడుతారు, రుసుము లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో మానసిక వ్యాధి కూడ చేరి ఉన్నది. వైద్యుల బృందము సర్టిఫికేటు ఇచ్చేటప్పుడు నాలుగు సంగతులు చూస్తారు: తన పని తాను చేసికోవడము, ఇతరులతో మసలడము, మాటను గ్రహించి మాట్లాడడము, ఉద్యోగము లేక ఇంటిపని. కనుక ఈ సాయంకాలము మాట్లాడుకున్న కష్టమును పొగరు అని గాక వైకల్యము అనే ప్రభుత్వమే లెక్కిస్తున్నది. వైద్యుడు అడిగినప్పుడు “అన్నము తింటాడు, స్నానము చేస్తాడు, బాగానే ఉన్నాడండీ” అని చెప్పి రావద్దు. కొట్టుకు పంపితే ఏమవుతుంది, చుట్టములు వస్తే ఏమి చేస్తాడు అనేది కూడ చెప్పండి.

ఇంకొక కాగితము ఉన్నది. “మా వాడు రెండేళ్ళనుండి ఆరాధనకు రావడము లేదు, వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలి?” అని ఒక తల్లి వ్రాసింది. అమ్మా, ప్రక్క ద్వారము దగ్గర, గోడవైపు, బల్ల చివర. వెనుక ఎవరూ ఉండరు, బయటకు వెళ్ళాలంటే ఎవరినీ దాటనక్కరలేదు. ఆరాధన మొదలుకాక ముందే తీసికొని రండి, గుంపు లేనప్పుడు. ద్వారము దగ్గర ఉండే పెద్దతో నేను మాట్లాడుతాను. అతని పేరు పెట్టి పిలిచి, “నువ్వు వచ్చినందుకు సంతోషముగా ఉన్నది” అని నోటితో చెప్తారు. మధ్యలో లేచిపోతే ఎవరూ వెంట వెళ్ళరు, తిరిగి చూడరు. వచ్చే ఆదివారము కుదరకపోతే ఆ పై ఆదివారము.